ఇచ్చిన అక్షరాల్లోంచి ఇంగ్లీష్ పదాలు పట్టడం ఎలా

‘ఈ అక్షరాలతో ఇంగ్లీష్ పదాలు చెప్పు’ అన్న మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. అడిగింది ఒకటి, మనం వెతికేది ఇంకొకటి కావడం వల్లే సగం సమయం వృథా అవుతుంది. కాబట్టి మొదటి మెట్టు పదాలు వెతకడం కాదు, ప్రశ్న ఏదో తేల్చుకోవడం.

మొదటి రకంలో చేతిలో ఉన్న అక్షరాలనే వాడాలి, అన్నీ వాడక్కర్లేదు. అక్షరాల బిళ్ళలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట ఇదే. పోటీ పరీక్షల రీజనింగ్ పేపర్లో ‘కింది వాటిలో ఏ పదాన్ని ఏర్పరచలేము’ అని అడిగేదీ ఇదే. రెండో రకంలో ఇచ్చిన అక్షరాలన్నీ పదంలో ఉండి తీరాలి, వేరే అక్షరాలు కూడా ఉండొచ్చు. మూడో రకంలో అన్నీ వాడాలి, అవే వాడాలి, ఒక్కటీ మిగలకూడదు. పత్రికల్లో వచ్చే జంబుల్ పజిల్ ఈ కోవలోది. అక్షరం ఎన్నో స్థానంలో ఉండాలన్న షరతు వీటిలో దేనికైనా అదనంగా తగులుకోవచ్చు. దాచిన పదాన్ని ఊహించి పట్టే ఆన్‌లైన్ ఆట వర్డిల్‌లో, గళ్ళ నుడికట్టులో జరిగేది అదే.

ముందుగా ఒక మాట. స్పెల్లింగ్ చెప్పాల్సి వచ్చినచోట అక్షరాల పేర్లను చిన్న గీతలతో విడదీసి రాస్తున్నాం. క్యాట్ అంటే సీ-ఏ-టీ.

మూడింటికీ ఒకటే కొట్టివేత

ఒక వైపు ఇచ్చిన అక్షరాలు, ఇంకో వైపు పరీక్షించాల్సిన పదం రాసుకోండి. పదంలోని ఒక్కో అక్షరానికి అటు వైపున్న అదే అక్షరాన్ని జతచేసి, రెండు చోట్లా కొట్టేయండి. ఒకటికి ఒకటే. ఇక కొట్టేయడానికేమీ లేనప్పుడు మిగిలినవాటిని చూడండి.

పదం పూర్తిగా చెరిగిపోయి అక్షరాలు మిగిలితే, ఆ అక్షరాలతో పదం చేయొచ్చన్నమాట. అక్షరాలన్నీ చెరిగి పదంలో కొన్ని మిగిలితే, ఆ పదంలో మీ అక్షరాలన్నీ ఉన్నాయి. రెండు వైపులా ఖాళీ అయితే జంబుల్ విడిపోయింది. రెండు వైపులా మిగిలితే ఆ పదం దేనికీ పనికిరాదు. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ ఈ ఒక్క పనే జవాబు చెబుతుంది.

పరీక్షల్లో కనబడే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం. మూల పదం ఎగ్జామినేషన్: ఈ-ఎక్స్-ఏ-ఎమ్-ఐ-ఎన్-ఏ-టీ-ఐ-ఓ-ఎన్. మొత్తం 11 అక్షరాలు. ‘ఏ’, ఐ, ఎన్ రెండేసి ఉన్నాయి, మిగతా అయిదూ ఒక్కొక్కటే. ఆప్షన్లు మెయింటెయిన్, యానిమేషన్, ఇంటిమేట్, యాక్సియమ్ అనుకుందాం.

మెయింటెయిన్‌లో (ఎమ్-ఏ-ఐ-ఎన్-టీ-ఏ-ఐ-ఎన్) మూడు అక్షరాలు రెండేసి సార్లు వస్తాయి. చూడగానే ఇదే కుదరదనిపిస్తుంది. కానీ ఆ మూడూ మూల పదంలోనూ రెండేసి ఉన్నాయి కాబట్టి అంతా చెరిగిపోయి ‘ఈ’, ఎక్స్, ఓ మిగులుతాయి. యానిమేషన్ కూడా చెరిగిపోతుంది, ‘ఈ’, ఎక్స్ మిగులుతాయి. యాక్సియమ్ (ఏ-ఎక్స్-ఐ-ఓ-ఎమ్) సరే. ఇంటిమేట్ దగ్గర ఆగాలి: ఐ-ఎన్-టీ-ఐ-ఎమ్-ఏ-టీ-ఈ. ఇందులో ఒక్క అక్షరం కూడా కొత్తది కాదు, అన్నీ మూల పదంలో ఉన్నవే. అయితే టీ రెండుసార్లు వచ్చింది, మూలంలో ఉన్నది ఒక్కటే. జవాబు అదే.

‘ఉందా, లేదా’ అని మాత్రమే చూసేవాళ్ళు ఈ ప్రశ్నలో తప్పుతారు. చూడాల్సింది ‘ఎన్ని ఉన్నాయి’ అని. పరీక్ష హాల్లో వేగం కావాలంటే రెండు విడతలుగా వెళ్ళండి. మొదటి విడతలో మూలంలో అసలు లేని అక్షరం ఏ ఆప్షన్‌లోనైనా ఉందేమో చూడండి. చాలా ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఆప్షన్లలో రెండుసార్లు వచ్చే అక్షరాలను మాత్రమే లెక్కించండి. పదమంతా మొదటి నుంచి చివరిదాకా కొట్టుకుంటూ పోనక్కర్లేదు.

ఇదే పేపర్లో ఇంకో రకం వస్తుంది: అక్షరాలకు అంకెలిచ్చి, ఏ వరసలో పెడితే అర్థమున్న పదం వస్తుందని అడుగుతారు. 1 ‘ఈ’, 2 ఆర్, 3 డీ, 4 ‘ఏ’, 5 ఎన్, 6 జీ అనుకోండి. గార్డెన్ కావాలంటే 642315, డేంజర్ కావాలంటే 345612. రెండూ సరైనవే, ఆప్షన్లలో ఏది ఉంటే అదే జవాబు. అందుకే పదం ముందు మనసులో కట్టుకుని ఆప్షన్లలో వెతకడం కంటే, ఒక్కో ఆప్షన్‌లోని మొదటి మూడు అంకెలను అక్షరాలుగా మార్చి చూడడం నయం. మొదటి మూడు అక్షరాలు నోరు తిరగనివైతే ఆ ఆప్షన్ వదిలేయొచ్చు. ‘ఇన్ని అక్షరాలతో అర్థమున్న పదాలు ఎన్ని’ అన్న ప్రశ్నలో ‘మూడు కంటే ఎక్కువ’ అన్న ఆప్షన్ ఉంటే నాలుగో పదం దొరకగానే ఆగిపోండి. టీ, ‘ఈ’, ‘ఏ’, ఎమ్ అక్షరాలకు టీమ్, మీట్ (మాంసం), మేట్, టేమ్ దొరికాక అయిదోది వెతకడం దండగ.

చెవి మోసం చేసే చోట్లు

ఇప్పుడు రెండో రకం: సీ, డీ, ఓ, ఓ, టీ అయిదూ ఉన్న పదం కావాలి. చాలామందికి వెంటనే తట్టదు. జవాబు రోజూ నోట్లో నలిగే డాక్టర్: డీ-ఓ-సీ-టీ-ఓ-ఆర్. కొట్టేస్తే ఆర్ మాత్రమే మిగులుతుంది. తట్టకపోవడానికి కారణం మన చెవి. డాక్టర్ అన్నప్పుడు ‘ఓ’ ఒక్కటి కూడా వినిపించదు, స్పెల్లింగ్‌లో రెండున్నాయి. అదే అక్షరాలకు ఇంకో జవాబు బ్యాండికూట్: బీ-ఏ-ఎన్-డీ-ఐ-సీ-ఓ-ఓ-టీ. ఇది ఇంగ్లీష్‌లోకి వెళ్ళిన మన పందికొక్కే.

తెలుగులో పలికినట్టు రాస్తాం కాబట్టి పదాన్ని ధ్వనిగా గుర్తుపెట్టుకుంటాం. ఇంగ్లీష్ అక్షరాలతో ఆడేటప్పుడు ఆ అలవాటు నాలుగు చోట్ల దెబ్బతీస్తుంది.

పలకని అక్షరాలు మొదటివి. చేతిలో కే, ఎన్ రెండూ ఉంటే వాటిని పక్కపక్కన పెట్టి మొదట చూడండి: నైఫ్, నీ (మోకాలు), నాట్ (ముడి). డబ్ల్యూ, ఆర్ ఉంటే రైట్ (రాయడం), రాంగ్, రిస్ట్. డెట్‌లో బీ, రిసీట్‌లో పీ, ఐలాండ్‌లో ఎస్ వినపడకుండా కూర్చుంటాయి.

రెండోది హెచ్. ఇది ఒంటరిగా ఉన్న చోట్ల కంటే సీ, ఎస్, టీ, పీ, జీ, డబ్ల్యూ వెనక నిలబడ్డ చోట్లే ఎక్కువ దొరుకుతుంది. థిన్ అన్నప్పుడు మనకు థకారం ఒక్కటే వినిపిస్తుంది, అక్కడున్నవి టీ, హెచ్ రెండు. ఫోన్‌లో ఎఫ్ లేదు, పీ-హెచ్ ఉంది.

మూడోది ద్విత్వం. తెలుగు అజంత భాష, హల్లుతో ముగిసే పదానికి మనం ఉకారం తగిలిస్తాం, కొన్నిచోట్ల ఆ హల్లును ఒత్తి పలుకుతాం. బస్సు, పెన్ను అని పలికి పలికి, ఎస్ రెండు, ఎన్ రెండు ఉన్నట్టు మనసులో పడిపోతుంది. అసలు ఒక్కొక్కటే. దీనికి తలకిందులుగా కమిటీ అన్నప్పుడు ఏ ఒత్తూ వినపడదు, స్పెల్లింగ్‌లో మాత్రం ఎమ్ రెండు, టీ రెండు, ‘ఈ’ రెండు. లెక్కింపుతో తేలే ప్రశ్నల్లో ఇదే కొంప ముంచుతుంది.

నాలుగోది అచ్చులు లేని పదాలు. ఏ, ఈ, ఐ, ఓ, యూలలో ఒక్కటీ లేకపోతే చేతులెత్తేయకుండా వై కోసం చూడండి: మిత్, హిమ్ (ప్రార్థన గీతం), లింక్స్ (అడవి పిల్లి), నింఫ్, రిథమ్. రిథమ్‌లో ఆర్-హెచ్-వై-టీ-హెచ్-ఎమ్, అంటే హెచ్ రెండు. దీనికి పూర్తిగా ఎదురు, అచ్చులు అయిదూ ఉండాలన్న ప్రశ్న. ఎడ్యుకేషన్ అందరికీ తెలిసిందే, ఈక్వేషన్ ఇంకా పొట్టిది. ఏడక్షరాల్లో సరిపెట్టాలంటే సెక్వోయా అనే చెట్టు ఉంది: ఎస్-ఈ-క్యూ-యూ-ఓ-ఐ-ఏ.

ఏడు అక్షరాలు చేతిలో ఉన్నప్పుడు

వేర్వేరు ఏడు అక్షరాలను 5,040 వరసల్లో పేర్చొచ్చు. రెండు అక్షరాల నుంచి ఏడు అక్షరాల దాకా అన్ని పొడవులూ కలిపితే 13,692 వరసలు. అన్నీ పేర్చి చూడడం మనిషి పని కాదు. కానీ వరసను పక్కనపెట్టి ‘ఏ అక్షరాలు ఎంచుకున్నాం’ అని మాత్రమే చూస్తే అవి 120 గుంపులే. పదం వరసలో కనిపిస్తుంది గానీ, వెతకాల్సింది గుంపుల్లో.

ఏ, డీ, ఈ, జీ, ఐ, ఎన్, ఆర్ తీసుకుందాం.

ముందు వాటిని వరసగా కాకుండా గుండ్రంగా రాయండి. వరసలో రాస్తే కన్ను ఆ వరసనే పదంగా చదవబోతుంది. గుండ్రంగా రాస్తే ఎక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చు. స్క్రాబుల్ బిళ్ళలైతే చేతిలోవి మాటిమాటికీ అటూ ఇటూ మార్చండి.

తర్వాత పదం చివర వచ్చే తోకలను విడదీయండి. ఐ-ఎన్-జీ ఉన్నాయి. పక్కకు తీస్తే ఏ, డీ, ఈ, ఆర్ మిగులుతాయి, అవి రీడ్. కలిపితే రీడింగ్. అక్కడితో ఆగకండి. ఈ-డీ తోక కూడా ఉంది, దాన్ని తీస్తే ఏ, జీ, ఐ, ఎన్, ఆర్ మిగిలి గ్రెయిన్ వస్తుంది, కలిపితే గ్రెయిన్డ్. అవే ఏడు అక్షరాలు, రెండు తోకలు, రెండు పదాలు. ఇప్పుడు ముందు వచ్చే ఆర్-ఈ తీసి చూస్తే ఏ, డీ, జీ, ఐ, ఎన్ మిగులుతాయి, దానికి పదం కుదరదు. ఇలా కుదరనప్పుడు అర నిమిషం కంటే ఎక్కువ అక్కడ ఉండకూడదు, ఇంకో తోక పట్టుకోవాలి. ఎస్, ఈ-ఆర్, ఈ-ఎస్-టీ, ఎల్-వై, టీ-ఐ-ఓ-ఎన్ తోకలూ, యూ-ఎన్, ఐ-ఎన్, డీ-ఐ-ఎస్ తలలూ ఎక్కువసార్లు పనిచేస్తాయి.

ఏడూ కుదరకపోతే ఒక్కో అక్షరాన్నీ వరసగా తీసేసి, మిగిలిన ఆరింటినీ చూడండి. పై ఏడింటిలో ఐ తీసేస్తే గార్డెన్, డేంజర్, రేంజ్డ్ మూడూ వస్తాయి. జీ తీసేస్తే రెయిన్డ్, డీ తీసేస్తే రీగెయిన్, ‘ఈ’ తీసేస్తే డేరింగ్, ఆర్ తీసేస్తే గెయిన్డ్, ‘ఏ’ తీసేస్తే రింగ్డ్. ఎన్ తీసేస్తే మాత్రం నలుగురికీ తెలిసిన ఆరక్షరాల పదం దొరకదు. ఇలా ఒక పద్ధతిలో వెళ్తే ఏది చూశామో ఏది చూడలేదో తెలుస్తుంది. తోచినట్టు వెతికితే గార్డెన్‌నే నాలుగుసార్లు కనుక్కుంటాం.

గుంపును గుర్తుపెట్టుకునే చిట్కా ఒకటుంది: అక్షరాలను అకారాది క్రమంలో పెట్టడం. గార్డెన్, డేంజర్, రేంజ్డ్ మూడూ ఏ-డీ-ఈ-జీ-ఎన్-ఆర్ అవుతాయి. స్క్రాబుల్‌ను పట్టుదలగా ఆడేవాళ్ళు కార్డుకు ఒక వైపు ఇలా సర్దిన అక్షరాలు, రెండో వైపు జవాబులు రాసుకుని సాధన చేస్తారు. సాధన ఏ అక్షరాలతో మొదలుపెట్టాలంటే, ఎక్కువగా చేతికొచ్చే వాటితో. స్క్రాబుల్ సంచిలో 100 బిళ్ళలు, అందులో ‘ఈ’ 12, ‘ఏ’, ఐ తొమ్మిదేసి, ఓ 8, ఎన్, ఆర్, టీ ఆరేసి, ఎస్ నాలుగే. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ ఏడూ చేతికొస్తే రిటెయిన్స్, నాస్టియర్, రెటినాస్, స్టెయినర్ అన్నీ కుదురుతాయి. ఏడు బిళ్ళలూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం కాబట్టి ఈ ఒక్క కార్డు నేర్చుకున్నా ఫలితం ఉంటుంది.

క్యూ వచ్చి యూ రాకపోతే చాలామంది ఆ బిళ్ళను ఆట చివరిదాకా మోస్తారు. క్యూ వెనక యూ లేని పదాలూ ఉన్నాయి. ఫకీర్ (ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్), బుర్ఖా (బీ-యూ-ఆర్-క్యూ-ఏ), నికాబ్ (ఎన్-ఐ-క్యూ-ఏ-బీ) మనకు తెలిసిన మాటలే. బుర్ఖాలో యూ ఉన్నా అది క్యూ వెనక లేదు. అన్నిటికంటే పొట్టిది చీ (క్యూ-ఐ, ప్రాణశక్తికి చైనా మాట), రెండే అక్షరాలు.

స్థానం తెలిసినప్పుడు

వర్డిల్‌లో అయిదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాల్లో పట్టాలి. పచ్చ రంగు స్థానాన్ని ఖాయం చేస్తుంది. పసుపు రంగు రెండు మాటలు చెబుతుంది: అక్షరం ఉంది, కానీ ఇక్కడ లేదు. రెండో సగం మర్చిపోయి అదే చోట మళ్ళీ పెట్టేవాళ్ళు ఎక్కువ. బూడిద రంగు అంటే ఆ అక్షరం లేదని ప్రతిసారీ అర్థం కాదు. మీరు పెట్టిన పదంలో ‘ఈ’ రెండుసార్లు ఉండి, జవాబులో ఒక్కసారే ఉంటే, ఒక ‘ఈ’కి రంగొచ్చి రెండోది బూడిద అవుతుంది. ఇదీ కొట్టివేతే, ఒకటికి ఒకటే చెల్లుతుంది.

పెద్ద ఉచ్చు ఇది: చివరి నాలుగూ ఐ-జీ-హెచ్-టీ అని పచ్చగా తేలాయి, మొదటిది తెలియదు. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్ అన్నీ సరిపోతాయి. ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోతే ప్రయత్నాలు అయిపోతాయి. దానికి బదులు జవాబు కాదని తెలిసినా ఫిల్మ్స్ (ఎఫ్-ఐ-ఎల్-ఎమ్-ఎస్) పెట్టండి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. ఆ నాలుగింటిలో ఏదైనా ఒకదానికి రంగొస్తే జవాబు దొరికినట్టే, ఏదీ రాకపోతే నైట్, రైట్, టైట్, ఎయిట్ మిగులుతాయి. హార్డ్ మోడ్‌లో ఈ ఉపాయం చెల్లదు, తేలిన అక్షరాలను తప్పనిసరిగా వాడాలి కాబట్టి.

కంప్యూటర్ చేత కొట్టించడం

వెబ్‌లో పద శోధకాలు చాలా ఉన్నాయి, పైపై అవసరాలకు అవి చాలు. కానీ ఏ జాబితాలో వెతుకుతున్నాయో చాలావాటిలో చెప్పరు. సొంతంగా ఎక్సెల్‌లో కట్టుకుంటే పది నిమిషాల పని.

1. పదాల జాబితా ఫైలు (వరసకో పదం ఉన్నది) తెచ్చి ‘ఏ’ నిలువు వరసలో రెండో గడి నుంచి అతికించండి. మొదటి అడ్డు వరస ఖాళీగా ఉంచండి.

2. ‘బీ’ వరసలో ఆ పదాన్ని క్లీన్, ట్రిమ్, లోయర్ అనే మూడు ఫంక్షన్లతో కడగండి. కొన్ని ఫైళ్ళలో ప్రతి పదం చివరా కంటికి కనిపించని గుర్తు ఒకటి అతుక్కుని వస్తుంది. అది మిగిలిపోతే ఒక్క పదమూ పూర్తిగా చెరగదు, జవాబులు సున్నా వస్తాయి.

3. ‘సీ’ నుంచి ‘ఐ’ దాకా ఏడు వరసల తలల్లో, అంటే మొదటి అడ్డు వరసలో, మీ ఏడు అక్షరాలు గడికి ఒకటి చొప్పున రాయండి.

4. ‘సీ’ వరస రెండో గడిలో సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్ పెట్టండి. దానికి నాలుగు విలువలు ఇవ్వాలి: ఎడమ పక్క గడి, తల మీది అక్షరం, ఖాళీ కొటేషన్ గుర్తులు, 1. చివరి 1 ప్రాణం లాంటిది. అది లేకపోతే ఆ అక్షరం ఎన్నిసార్లు ఉంటే అన్నీ చెరిగిపోతాయి, ఒకటికి ఒకటి అన్న నియమం పోతుంది. తల గడి చిరునామాలో అంకె ముందు డాలర్ గుర్తు ఉంచండి, లేకపోతే కిందికి లాగినప్పుడు తల జారిపోతుంది.

5. ఆ ఫార్ములాను కుడి వైపు ‘ఐ’ దాకా, తర్వాత కింది దాకా లాగండి. ‘జే’లో ‘ఐ’ గడి పొడవు (లెన్ ఫంక్షన్). ‘కే’లో ‘బీ’ పొడవులోంచి ‘జే’ తీసేయగా వచ్చిన సంఖ్య.

ఇప్పుడు ‘జే’ 0 ఉన్న పదాలు వడకడితే మీ అక్షరాలతో చేయగలిగేవి. ‘కే’ 7 ఉన్నవి మీ ఏడు అక్షరాలూ ఉన్న పదాలు. రెండూ కలిస్తే జంబుల్ జవాబులు. స్క్రాబుల్‌లో ఖాళీ బిళ్ళ ఒకటి ఉంటే ‘జే’ 1 ఉన్నవి కూడా పనికొస్తాయి. అక్షరాలు అయిదే ఉంటే రెండు తలలు ఖాళీగా వదిలేసి, ‘కే’ 5 కోసం చూడండి.

తల గడుల్లో పెద్ద అక్షరాలు పడితే ఏదీ చెరగదు. సబ్‌స్టిట్యూట్ పెద్దా చిన్నా తేడా చూస్తుంది, ఫోన్ కీబోర్డేమో గడిలో మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది. అసలు లక్షన్నర పదాల మీద ఇంత పని ఫోన్లో పెట్టుకోకపోవడమే మంచిది.

స్థానం షరతు కూడా ఉంటే ‘బీ’ వరస ఫిల్టర్లో ? గుర్తు వాడండి. ఒక్కో ? ఒక్కో తెలియని అక్షరం. * పెడితే ఎన్ని అక్షరాలైనా. నుడికట్టుకు ? చాలు.

ఏ జాబితా?

ఎనేబుల్ అనే ఉచిత జాబితాలో 1,72,000కు పైగా పదాలున్నాయి, మనుషుల పేర్లూ ఊర్ల పేర్లూ ఉండవు, అలవాటుకు ఇది బాగుంటుంది. లినక్స్‌తో వచ్చే జాబితాల్లో మనుషుల పేర్లు, అపాస్ట్రఫీలు కలిసి ఉంటాయి, వాటిని ముందే తీసేయాలి. స్క్రాబుల్ పోటీలకు అమెరికా, కెనడాల్లో ఒక జాబితా, మిగతా చోట్ల ఎక్కువగా కాలిన్స్ జాబితా. కాలిన్స్ 2019 కూర్పులో 2,79,000కు పైగా పదాలున్నాయి. ఒక దాంట్లో చెల్లినది ఇంకో దాంట్లో చెల్లకపోవచ్చు, అందుకే ఆట మొదలుపెట్టక ముందే జాబితా ఏదో ఒప్పుకోవాలి. కలర్‌లో యూ ఉందా లేదా అన్న బ్రిటిష్, అమెరికన్ తగువు మాత్రం స్క్రాబుల్‌లో రాదు, రెండు స్పెల్లింగులూ చెల్లుతాయి. పరీక్షల్లో, వర్డిల్‌లో వస్తుంది. వర్డిల్ అమెరికన్ స్పెల్లింగ్ వాడుతుంది. అయిదక్షరాల కలర్ అక్కడ పదమే, ఆరక్షరాలది పెట్టడానికి గడి ఉండదు.

కాలిన్స్ జాబితాలో దోసె (డీ-ఓ-ఎస్-ఏ), నెయ్యి (జీ-హెచ్-ఈ-ఈ), లక్ష (ఎల్-ఏ-కే-హెచ్), ఇడ్లీ (ఐ-డీ-ఎల్-ఐ) ఉన్నాయి. ఐ రెండు, డీ, ఎల్ చేతికొస్తే తటపటాయించకుండా దించేయొచ్చు.